రెక్క క్షేమం

ప్రయాణం, పందొమ్మిదో రోజు
గాలి: నైరుతి నుంచి, సెకనుకు ఐదు మీటర్లు

సాయంత్రం నాలుగింటికి ఉలవకొండ చేరాం. గాలిమర రెక్క ఇది, పొడవు అరవై ఒక్క మీటర్లు. రేవు దగ్గరి రెక్కల కొట్టం నుంచి ఇక్కడికి నూట పద్నాలుగు మలుపులు. అన్నీ ముందుగా నడిచాను, వెదురుతో కొలిచాను, రెక్క కొన ఎంతదాకా వస్తుందో సున్నం గీత గీశాను. దారికి అడ్డం వచ్చినవి: ఒక ప్రహరీ గోడ, రెండు వేపకొమ్మలు, కదలనని మొరాయించిన ఒక ఎనుము. గోడను పడగొట్టి మళ్లీ కట్టించాం. ఎనుమును బతిమాలాం.

రెక్క క్షేమం.

వన్నూరమ్మ, తోకమనిషి. వేలిముద్ర వేశాను.

మండలం, రెండో రోజు
గాలి: ఆరు మీటర్లు

రెక్క ఎక్కింది. గాలి పుంజుకోకముందే, పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పది లోపల ముగించారు. కింద రెండు వైపులా మోకులు పట్టుకుని ఊరు ఊరంతా నిలబడింది. పైన మూడు రెక్కలూ కలిసే గుండులో హనుమక్క కూర్చుని, రెక్క మొదలు సరిగ్గా రంధ్రాల్లోకి దిగగానే ఈల వేసింది. అరవై నాలుగు బోల్టులు. ఒక్కొక్కటీ తానే బిగించింది. ఇరవై రెండేళ్లుగా ఉలవకొండ గాలిమర ఎక్కే మనిషి ఆమే. యాభై దాటినా మూడు వందల మెట్ల నిచ్చెన నాకంటే తొందరగా ఎక్కుతుంది.

ఈ పుస్తకం చివరికి ఏ ఊరి అల్మారాలో చేరుతుందో, ఎవరు చదువుతారో తెలియదు కాబట్టి మా పని గురించి రెండు మాటలు రాస్తాను. రెక్కను మోసే బండికి ముందు ఇంజను దగ్గర దస్తగిరి మామ. వెనక చక్రాల దగ్గర నేను. మలుపులో ఆయన కుడికి తిప్పితే నేను ఎడమకు తిప్పాలి, లేకపోతే రెక్క కొన ఎవరి వంటింట్లోనో దూరుతుంది. ఆయనకు నేను కనిపించను. నా కేక ఒక్కటే ఆయనకు దిక్కు. ఊరు చేరాక రెక్కకు దెబ్బ తగల్లేదని రాయాల్సింది కూడా తోకమనిషే. 'రెక్క క్షేమం' అన్న రెండు మాటలు పడందే ఏ ఊళ్లోనూ రెక్క ఎత్తరు. పడ్డాక ఇంకెవరూ తిరిగి చూడరు.

యంత్రాల తెర మీద పచ్చదీపం వెలిగితే అంతా బాగుందని నమ్మి, ఆ దీపం తప్పు చెప్పడంతో దేశం దేశమంతా చీకట్లో కూర్చున్న కాలం మా అవ్వది. అప్పట్నుంచీ చేతిరాతకే విలువ. రాసింది కొట్టెయ్యకూడదు, చెరపకూడదు. రాస్తే ఊరి ముందు చెప్పినట్టే లెక్క.

తోకమనిషి మండలం రోజులు, అంటే నలభై రోజులు, ఊళ్లోనే ఉండి కొత్త రెక్క చప్పుడు వినాలి. రోజుకో ఇంట్లో భోజనం, ఆఖరి రోజు గాలిమర ఎక్కే మనిషి ఇంట్లో. నలభయ్యో రోజు ఈ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి అందరి ముందు చదివితే, విన్నవాళ్లు వేలిముద్రలు వేస్తారు. 'రెక్క క్షేమం' అన్న పేజీ ఊరికి చూపించాక, అంతదాకా దీన్ని నేను తప్ప ఎవరూ తెరవరు.

దస్తగిరి మామ మధ్యాహ్నం బండితో వెళ్లిపోయాడు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. పోతూ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీ కండ్లే నా కండ్లు మ్మే," అన్నాడు. నేను నవ్వాను.

మండలం, మూడో రోజు
గాలి: ఆరు మీటర్లు

మొదటి పేజీలో అబద్ధం రాశాను.

పాము మలుపు, ఉలవకొండకు ముందు ఆఖరిది. అక్కడికి వచ్చేసరికి నా కాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. మలుపు పక్కన బండ మీద ఒక సున్నం గీత కనిపించింది. మూడేళ్ల కింద వేరే ఊరికి రెక్క తీసుకుపోతూ నేనే గీసింది. వానలకు కొంచెం మాసింది గానీ నా గీత నాకు తెలియదా? నా చెయ్యి ఒకసారి కొలిచిందాన్ని మళ్లీ కొలవడమెందుకు అనుకున్నాను. వెదురు పక్కన పెట్టి, కాళ్లు చాపుకుని, చెనిక్కాయలు ఒలుచుకుని తిన్నాను. అప్పటి రెక్క యాభై నాలుగు మీటర్లది. ఆ సంగతి నాకు బండి కదిలి, రెక్క కొన బండకు గీరుకున్నాక గుర్తొచ్చింది.

పెద్ద చప్పుడేం కాదు. చాటతో గోడను రాసినట్టు వినపడింది. ఇంజను దగ్గరున్న మామకు అదీ వినపడదు. కొంచెం వెనక్కి రమ్మని కేకేసి, కొనను తప్పించి, ముందుకు పొమ్మన్నాను. నీళ్లు తాగడానికి ఆగినప్పుడు చూస్తే, కొనకు రెండు మీటర్ల ఇవతల జానెడు గీత. వేళ్ల కణుపులతో తట్టాను. బాగున్న చోట రెక్క కంగుమంటుంది. అక్కడ నానిన చెక్కలాగా మూగగా పలికింది. లోపల పొర వదిలిందని ఆ చప్పుడుకే తెలిసిపోయింది.

చెప్పి ఉంటే రెక్కను నేల మీదే గీకి, గుడ్డ అతికి, బంక పోసి ఎండబెట్టేవాళ్లు. మూడు రోజుల పని. కానీ రేవులో తోకమనుషుల పేర్లు రాసే పలక మీద నా పేరు పోయేది. పదహారేళ్లలో నా రెక్కకు గీటు పడలేదని నేను చెప్పుకోని ఊరు లేదు. సంచిలో రెక్కలకు పూసే లప్పం, తెల్లరంగు ఉన్నాయి. పూశాను. చెయ్యి తగిలినా తెలియనంత నున్నగా పూశాను. ఆ పనిలో మాత్రం ఏ లోపమూ లేదు.

ఇప్పుడిక్కడ రాశాను. రాస్తే చెప్పినట్టే కదా. నలభయ్యో రోజు అందరూ వింటారు. జానెడు గీత నలభై రోజులు ఆగకపోదు.

మండలం, తొమ్మిదో రోజు
గాలి: ఎనిమిది మీటర్లు

ఈరోజు భోజనం ఈరమ్మవ్వ ఇంట్లో. ఓళిగలు చేసింది. ఉలవకొండ పాత రెక్క పిడుగుపడి కాలిపోయి రెండు నెలలైంది. బోరు మూడు వందల మీటర్ల లోతు, మోటారు తప్ప మనుషులు తోడేది కాదు. మోటారుకు గాలిమర తప్ప వేరే దిక్కు లేదు. ఆ రెండు నెలలూ మూడు మైళ్ల అవతలి కుంట నుంచి ఎద్దులబండి మీద నీళ్లు.

"తినుమ్మా, గమ్మున తిను," అంది అవ్వ, నెయ్యి ఒంపుతూ. "నా మోకాళ్లు సచ్చిపోయినాయి ఆ బిందెలు మోసి. నువ్వు రెక్క తెస్తివి, మా కష్టం తీరిస్తివి. నీ కడుపు సల్లగుండ."

తప్పు చేసినవాళ్లకు ముద్ద దిగదని అంటారు. నాకు దిగింది. మూడు ఓళిగలు తిన్నాను. ఇంటి వెనక చెయ్యి కడుక్కుంటుంటే కుళాయిలో నీళ్లు ధారగా వచ్చాయి. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పొగ కళ్లలో పడిందని చెప్పాను.

ఏ ఇంటికి పోయినా ఇదే. నిన్న చౌడప్పన్న ఇంట్లో సంగటి, ఊరిబిండి. బోరు మోటారు చూసుకునేది ఆయనే, ఊరి పంచాయితీలూ ఆయనే చెప్తాడు. "నీలాంటి తోకమనిషి దొరకడం మా అదృష్టం," అన్నాడు. నా విస్తరి వైపు చూస్తూ తలూపాను.

మండలం, పదిహేడో రోజు
గాలి: తొమ్మిది మీటర్లు, వాన

తొలి వాన. రెండు గంటలు దంచింది.

చప్పుడు మారింది. గాలిమర కింద నిలబడితే ఒక్కో రెక్కా దాటేటప్పుడు ఉష్షుమంటుంది. ఒకటి, రెండు, మూడు. మూడూ ఒకేలా ఉండాలి. వాన తరవాత మూడోది సన్నగా ఈల వేస్తోంది. నా లప్పం ఊడింది. లోపలికి నీళ్లు పోతున్నాయి.

హనుమక్క వచ్చి నా పక్కన బండ మీద కూర్చుంది. "ఏమ్మే వన్నూరూ, ఏం చెప్తాంది నీ రెక్క?"

"బాగుందక్కా."

"నీకు బాగుంటే నాకు బాగున్నట్లే," అని నడుముకు కట్టుకున్న చెనిక్కాయల మూట విప్పి సగం నా ఒడిలో పోసింది.

ఇంకా ఇరవై మూడు రోజులు.

మండలం, ఇరవై నాలుగో రోజు
గాలి: పది మీటర్లు

స్తంభం ఊగుతోంది. రెక్క కొనలో నీళ్లు చేరితే ఆ రెక్క మిగతా రెండింటికంటే బరువవుతుంది. ఒకవైపు బరువెక్కిన చక్రం తిరిగినప్పుడల్లా స్తంభాన్ని ఒక గుంజు గుంజుతుంది. అడుగున గోడకు అరచెయ్యి ఆనిస్తే తెలుస్తుంది. నాకూ తెలుస్తోంది, హనుమక్కకూ తెలిసింది.

ఆమె రెక్కను అనుమానించలేదు. ఎందుకు అనుమానిస్తుంది? క్షేమం అని నేను రాశాను. "బోల్టులు వదులైనట్లుండాయి, నా చేతికి ముందరి పట్టు లేదేమో," అని పొద్దున్నే గాలిమరను గంటసేపు నిలిపి, పైకెక్కి, అరవై నాలుగూ మళ్లీ బిగించింది. దిగాక మెట్టు మీదే కూర్చుంది. నేనే మజ్జిగ కలిపి ఇచ్చాను. నా చేతి మజ్జిగ తాగి నన్ను దీవించింది.

చెప్పాలని నోటిదాకా వచ్చింది. పుస్తకంలో రాశాను కదా, చదివే రోజు ఎటూ ఉంది కదా అనుకున్నాను. ఈ మాట రోజుకు ఎన్నిసార్లు అనుకుంటున్నానో నాకే లెక్క లేదు. నాకు నామీదే అసహ్యం వేస్తోంది.

మండలం, ఇరవై తొమ్మిదో రోజు
గాలి: పదకొండు మీటర్లు

బోల్టులు మూడోసారి బిగించినా ఊపు తగ్గలేదు. ఊరు రచ్చబండ దగ్గర కూడింది.

చౌడప్పన్న నిదానంగానే అడిగాడు. "హనుమక్కా, ఇన్నేండ్లు నిన్ను ఒక్క మాట అన్న్యామా? కానీ వయసు మీద పడితే ఎవురికైనా పట్టు తగ్గుతాది. మొదటి రోజే సరిగ్గా పడలేదేమో, బోల్టులు?"

హనుమక్క తన అరచేతులు తిప్పి చూసుకుంది. "రెక్క మంచిదే. పుస్తకంలో రాసుండాది. ఇంగ మిగిలింది నా చెయ్యే కదా సౌడప్పా. నాదే తప్పయ్యుంటాది."

ఎక్కే మనిషికీ ఒక పుస్తకం ఉంటుంది. అది తెప్పించుకుని, అందరూ చూస్తుండగా రాసింది. ఆమెకు అక్షరాలు కూడబలుక్కుని రాయడమే వచ్చు. పలుకుతూ రాసింది. "రెక్క బిగించడంలో తప్పు జరిగింది. తప్పు నాది. హనుమక్క." వేలిముద్ర వేసింది.

నేను నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. నా సంచిలో ఈ పుస్తకం ఉంది. మూడో రోజు పేజీ ఇందులోనే ఉంది. లేచి ఒక్క మాట అంటే ఆ చెయ్యి ఆగేది. సంచిని ఒళ్లోకి లాక్కుని కూర్చున్నాను. ఇంతకంటే నీచమైన పని నేను చెయ్యలేదు, చెయ్యలేను కూడా.

మండలం, ముప్పై మూడో రోజు
గాలి: పదమూడు మీటర్లు

మధ్యాహ్నం హనుమక్క నడుముకు బెల్టు కట్టుకుని వచ్చింది. గాలిమర తిరుగుతూనే ఉంది.

"నిలిపి ఎక్కితే ఏం దొరకలేదు. తిరగతాండంగనే పోయి, ఊపు యాడ పుడతాందో చూసొస్తా," అంది.

"ఆషాఢం గాలి అక్కా ఇది. రెండు రోజులాగు."

"తప్పు నాదని రాసినా. ఏం తప్పో తెలీకుండా ఎట్ల బతికేదిమ్మే?" అంటూ స్తంభం తలుపు తీసుకుని లోపలికి పోయింది.

నిచ్చెన మీద ఆమె బూట్ల చప్పుడు పైపైకి పోతోంది. నేను బయటికొచ్చి రెక్కలు చూస్తూ నిలబడ్డాను. ఒకటి, రెండు, ఈల. ఒకటి, రెండు, ఈల. తరవాత ఒక చుట్టులో ఈల బదులు గుడ్డ చింపినట్టు చప్పుడొచ్చింది. మళ్లీ వచ్చింది.

స్తంభం అడుగున గాలిమరను నిలిపే ఎర్రపిడి ఉంటుంది. తోకమనిషి దాన్ని ముట్టకూడదు. పరిగెత్తి, రెండు చేతులతో పట్టి కిందికి లాగాను. మూడు రెక్కలూ నడుం తిప్పి గాలికి పక్కకు ఒరిగాయి. నెమ్మదించాయి. ఆగాయి. పంపు ఆగిపోయింది. కుళాయిల దగ్గర బిందెలు సగంలో ఉన్న ఆడవాళ్లు గాలిమర ఉన్న కొండ మీదికి వచ్చారు. చౌడప్పన్న కండువా జారిపోతున్నా చూసుకోకుండా వచ్చాడు.

"ఎవురు నిలిపింది?"

"నేనేనన్నా."

"ఎర్రపిడి నువ్వు ముట్టకూడదని తెలీదా?"

"తెలుసు."

"మరి?"

చెప్పాను. పాము మలుపు, పాత గీత, బండకు తగలడం, లప్పం, రంగు. నాలుగు వాక్యాలకు మించి పట్టలేదు. ముప్పై మూడు రోజులు మోసింది ఆ నాలుగు వాక్యాలనే.

ఈరమ్మవ్వ ఖాళీ బిందె కింద పెట్టి దాని మీదే కూర్చుంది.

హనుమక్క దిగి తలుపు దగ్గర నిలబడి ఉందని నేను ఆలస్యంగా చూశాను. అంతా విన్నది.

"యా పొద్దు నుంచి తెలుసు నీకు?"

"మొదటి రోజు నుంచీ అక్కా."

"నేను రాసే పొద్దు నువ్వు ఆడ్నే కూచోనుంటివి కదా."

"పుస్తకంలో రాశానక్కా. మూడో రోజే రాశాను. నలభయ్యో రోజు చదివేదాన్ని." ఆ మాట నా చెవులకే ఎంత రోతగా వినపడిందో చెప్పలేను.

"రాసినావు, సరే," అంది హనుమక్క. "నాకు చెప్పింటే ఏమయ్యేది?"

మండలం, ముప్పై నాలుగో రోజు
గాలి: పన్నెండు మీటర్లు

రెక్కను నిలువునా కిందికి వేలాడేలా ఆపి, హనుమక్క తాడు మీద దిగి, నా లప్పం గీకింది. జానెడు గీత ఇప్పుడు నిలువెత్తు చీలిక. లోపలి వెన్నుపట్టీ దాకా పాకింది. కొనకు చిన్న రంధ్రం వెయ్యగానే నీళ్లు కారాయి. మూడు బిందెల నీళ్లు. కింద నిలబడ్డవాళ్లంతా అవి నేలలో ఇంకిపోవడం చూశారు. ఎవరూ బిందె పట్టలేదు.

నిన్న ఇంకొక్క గంట తిరిగి ఉంటే కొన విరిగి, స్తంభాన్ని కొట్టి ఉండేదట. అప్పుడు పైన ఉండేది హనుమక్క.

"అతుకు పడదా అక్కా?" అని అడిగాను.

"నేల మీద ఉన్నప్పుడు పడేది. మూడు రోజుల పని," అంది. ఆ సంగతి నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

కొత్త రెక్క కావాలి. రేవుకు మనిషి పోవాలి, వరస రావాలి. వానాకాలం దారుల్లో ఎంత తొందరపడినా ఈసారి నాలుగు నెలలు. ఎద్దులబండ్లు మళ్లీ బయటికి తీశారు.

మండలం ఆపి నన్ను పంపెయ్యమని చౌడప్పన్నను అడిగాను. "లేదు. మిగిలిన ఇండ్లుండాయి. తినే పోవాల," అన్నాడు. అది శిక్షో మర్యాదో నాకు అర్థం కాలేదు. తింటున్నాను. ప్రతి ఇంట్లోనూ చెంబుతో నీళ్లు ముందు పెడుతున్నారు, కుంట నీళ్లు. బురద వాసన. ఒక్క చుక్క వదలకుండా తాగుతున్నాను.

మండలం, నలభయ్యో రోజు
గాలి: పది మీటర్లు

ఆఖరి భోజనం హనుమక్క ఇంట్లో. జొన్నరొట్టె, పుంటికూర. తానే వడ్డించింది. తిన్నాక ఆమె పుస్తకం గూట్లోంచి తీసి ఆమె ముందు పెట్టాను.

"అక్కా, నువ్వు రాసిన దాని కింద నన్ను ఒక మాట రాయనియ్యి. తప్పు నీది కాదని."

"రాయొద్దు." పుస్తకం లాక్కుని మళ్లీ గూట్లో పెట్టింది. "నా రాత చెరగదు. దాని కింద ఎన్ని రాసినా, పైన తప్పు నాది అనే ఉంటాది. ఇరవై రెండేండ్లు ఎక్కినా, వన్నూరూ. ఒక్క బోల్టు వదులు కాలేదు. ఇప్పుడు నా పుస్తకంలో నేనే అబద్ధం రాసుకున్న్యా, నీవల్ల." నా ఎంగిలి విస్తరి తీసింది. "రాసింది చాలు. రేవు దాకా పంతొమ్మిది దినాల దారుంది. యా ఊర్లో ఆగితే ఆ ఊర్లో నోటితో చెప్పు. అందరి మొకాలు చూస్తా చెప్పు. నేనూ వస్తా. నువ్వు చెప్పేది ఇంటా."

సాయంత్రం రచ్చబండ దగ్గర పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. 'రెక్క క్షేమం' దగ్గర ఆగి పుస్తకం దించాను. ఈరమ్మవ్వ, "సదువు," అంది. చదివాను. ముప్పై తొమ్మిది ఇళ్లవాళ్లు వేలిముద్ర వేశారు. నలభయ్యో చోటు హనుమక్కది. ఆమె సిరా వైపు చూసి, లేచి వెళ్లిపోయింది. ఆ చోటు ఖాళీగా ఉంది. కొత్త రెక్క వచ్చేదాకా అట్లే ఉండనీ అన్నాడు చౌడప్పన్న.

తోకమనుషుల పలక మీంచి నా పేరు తీసెయ్యమని ఊరి తరఫున జాబు రాశారు. దాన్ని మోసుకుపోయేది నేనే.

పాము మలుపు
గాలి: ఏడు మీటర్లు

పొద్దున బయల్దేరి హనుమక్కా నేనూ ఇక్కడికి చేరాం. బండ మీద నా పాత గీత అట్లాగే ఉంది. పక్కనే, రెక్క గీరుకున్న చోట తెల్లటి మరక.

రాసింది చెరపకూడదు. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట. తాగడానికి తెచ్చుకున్న కుంట నీళ్లు బండ మీద పోసి, కొబ్బరిపీచుతో రుద్దాను. సున్నం పాతుకుపోయి ఉంది. చేతులు మండేదాకా రుద్దాను. హనుమక్క వద్దనలేదు, సాయమూ చెయ్యలేదు. గీత పోయాక తన సీసాలోని నీళ్లు సగం నాకు పోసింది.

తరవాత వెదురు తీశాను. అరవై ఒక్క మీటర్ల రెక్కకు ఎంత కొన బయటికి వస్తుందో అంతకు కోసి, మలుపు మొదటి నుంచి చివరి దాకా నడిచి, కొత్త గీత గీశాను. నా వెనకే హనుమక్క అదే వెదురు పట్టుకుని మళ్లీ కొలుచుకుంటూ వచ్చింది. ఒకచోట బెత్తెడు తేడా వచ్చింది.

"మళ్లీ గియ్యి," అంది.

గీశాను. ఈసారి సరిపోయింది. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

రేపు మధ్యాహ్నానికి మొదటి ఊరు వస్తుంది. పోయిన నెల అక్కడ నాకు పూలమాల వేశారు, పదహారేళ్ల కథ చెప్పించుకున్నారు. దస్తగిరి మామ బండి మళ్లీ ఈ దారిన వచ్చి ఇప్పుడు అక్కడే ఆగి ఉందట. ముందు ఆయన ఎదురుగా నిలబడాలి. పుస్తకం సంచిలోంచి తియ్యను.